మస్కూరి తలుపు కొట్టి రావాలి
తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు దుద్దిళ్ల శ్రీధర్ బాబు గారికి,

మీది మంథని, మాది మెట్‌పల్లి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి మీరు పెద్దపల్లి లెక్కలోకి, మేం జగిత్యాల లెక్కలోకి పోయాం. అయినా పై ఊళ్ళో ఎవరన్నా ఏ జిల్లా అని అడిగితే నోటికి కరీంనగర్ అనే వస్తుంది. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఈ లేఖలో రోడ్డు అడగడం లేదు, రైలు అడగడం లేదు. కంప్యూటర్ తెర మీద కుడివైపు కింది మూలన, గడియారం పక్కన ఉండే ఒక చిన్న బొమ్మ గురించి రాస్తున్నాను. మీకు వచ్చే వినతిపత్రాల్లో దీని ఊసు ఎవరూ ఎత్తి ఉండరు.

నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడ సిస్టమ్‌లు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ఫార్మాట్ కొట్టడంతో మొదలుపెట్టి నెట్‌వర్క్‌ల దాకా వచ్చాను. కాలేజీలు, నర్సింగ్ హోములు, ఆడిటర్ల ఆఫీసులు, రైస్ మిల్లులు నా గిరాకీ. అప్పుడప్పుడు సర్కారు ఆఫీసుల నుంచి కూడా ఫోన్ వస్తుంది. అట్లా ఓసారి పోయిన ఆఫీసులో విన్నదీ చూసిందీ ముందు చెప్తాను. ఆఫీసు పేరు రాయను. అక్కడ పనిచేసేవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు.

పసుపు అమ్మకాలు ముగింపుకొచ్చిన రోజులు. దుబాయి నుంచి ఇరవై రోజుల సెలవు మీద వచ్చిన ఒకాయన, తండ్రి పేరున ఉన్న రెండెకరాలు తన పేరు మీదికి మార్పించుకోవడానికి పొద్దున పదిన్నరకు స్లాట్ పెట్టుకున్నాడు. తండ్రికి డెబ్బై దాటాయి. ఇద్దరు సాక్షులు ఆటోలో వచ్చారు. ఆపరేటర్ అమ్మాయి వివరాలు ఎక్కించింది, ఫొటోలు తీసింది. ముసలాయన వేలిముద్ర మాత్రం పడటం లేదు. ఏళ్ళ తరబడి పసుపు తవ్విన చేయి, వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, ఒత్తి పెట్టించి, వేలు మార్చి, మళ్ళీ పెట్టిస్తే నాలుగోసారికి ముద్ర పడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే తెర నీలంగా మారి చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. అంతకు పావుగంట ముందు ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చిందట. రోజుకు ఇరవై పెట్టెలు వస్తాయి, ఆ అమ్మాయి అన్నింటికీ నొక్కినట్టే దీనికీ ఓకే నొక్కింది. అప్‌డేట్ 27 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్‌లో బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయి ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ముసలాయన.

"సర్వర్ డౌనుంది పెద్దయ్యా, రేపు రాండ్రి."

సర్వర్ డౌన్ కాలేదు మంత్రిగారూ. సర్వర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆ సిస్టమ్‌ను ఆపమని హుకుం ఇచ్చిందే సర్వర్. నేను మర్నాడు పోయి ఆ అప్‌డేట్‌ను వెనక్కి తిప్పి, సిస్టమ్‌ను లేపి, లోపల ఏజెంట్ రాసుకున్న లాగ్ తెరిచి చూశాను. 10 గంటల 45 నిమిషాలకు కబురు అందింది. గడువు పదిహేను నిమిషాలు. 11 గంటలకు రీస్టార్ట్. ఏజెంట్ తన పని తాను అక్షరం తప్పకుండా చేసింది. ఆ వేళ జనం ఉండే వేళ అని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ లేఖను మా ఊరివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఏజెంట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. పటేల్ పట్వారీల కాలంలో ప్రతి ఊళ్ళో మస్కూరి ఉండేవాడు. పైనుంచి వచ్చిన కబురు ఇంటింటికీ మోసేవాడు, ఊళ్ళో సంగతులు పైకి చేర్చేవాడు. కంప్యూటర్‌లో ఏజెంట్ అచ్చం ఆ మస్కూరి. ఒక చిన్న ప్రోగ్రాం, మొదట చెప్పిన బొమ్మ దీనిదే. హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉన్న సర్వర్‌ను కాసేపటికోసారి పలకరించి "నాకేమన్నా పని ఉందా" అని అడుగుతుంది. ప్యాచ్, అంటే సాఫ్ట్‌వేర్ లోపానికి అతుకు, వెయ్యమంటే వేస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్ ఉందో రాసుకురమ్మంటే రాసుకుపోతుంది, పెన్‌డ్రైవ్ పనిచెయ్యకుండా బందు పెట్టమంటే పెడుతుంది. తెర తీసి చూపించమంటే ఇక్కడి తెరను అక్కడ చూపిస్తుంది. ఇది ఎప్పుడు రావాలి, ఎంతసేపు ఆగాలి, లోపలికి వచ్చేముందు అడగాలా వద్దా, కనబడాలా దాక్కోవాలా, ఆపరేటర్ వద్దంటే వినాలా అన్నవన్నీ ఒక పేజీలో టిక్కులు. ఆ పేజీనే ఏజెంట్ సెట్టింగ్స్ అంటారు. కంపెనీ ఇచ్చిన టిక్కులను కంపెనీ ఇచ్చినట్టే వదిలేయడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు. నాకూ ఉండేది.

నా సంగతే చెప్తాను. ఒక కాలేజీ ల్యాబులో నలభై సిస్టమ్‌లకు నేనే ఇట్లాంటి ఏజెంట్ పెట్టాను. పిల్లలు అన్నానికి పోతారు కదా అని అప్‌డేట్ వేళ మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టాను. నలభై సిస్టమ్‌లు ఒకే నిమిషంలో ఒకే బ్రాడ్‌బ్యాండ్ లైను మీద పడ్డాయి. ఒక్కోటీ 400 ఎంబీ అంటే మొత్తం 16 జీబీ. 40 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో ఊపిరి తీసుకోకుండా పోయినా 50 నిమిషాల పైమాటే. ఆ పూటే స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఎక్కిస్తున్న గుమస్తా నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

తప్పు ఎక్కడుందో మనకు కాలువ చెప్తుంది. కాకతీయ కాలువ కింద వంతులవారీగా నీళ్ళిచ్చే వారబందీ ఎందుకు పెట్టారు? అందరూ ఒకేసారి తూము ఎత్తితే మొదటి పొలం మునుగుతుంది, చివరి ఆయకట్టుకు చుక్క రాదు. విండోస్ చేసినవాళ్ళకు కూడా ఈ వారబందీ తెలుసు. ఒక ఆఫీసు సిస్టమ్ కొత్త నియమాల కోసం సర్వర్‌ను 90 నిమిషాలకోసారి అడుగుతుంది. దానికి సున్నా నుంచి 30 నిమిషాల దాకా ఎంతో కొంత, చీటీ తీసినట్టు, కలుపుకుంటుంది. అందరూ ఒకే నిమిషంలో తలుపు దగ్గర గుంపు కాకూడదని ఆ ఏర్పాటు. నేను ఆ కాలేజీలో తర్వాత చేసిందీ అదే. వేళలు విడగొట్టాను. ఒక సిస్టమ్‌ను గోదాములా పెట్టి, బయటి నుంచి సరుకు దానికి ఒక్కసారే తెప్పించి, మిగతా ముప్ఫైతొమ్మిదీ దాని దగ్గర తీసుకునేట్టు చేశాను. 16 జీబీ పని 400 ఎంబీతో అయిపోయింది. కొత్తగా కొన్నది ఏమీ లేదు. రెండు టిక్కులు మార్చాను.

ఇంత చెప్పాక, ఏజెంట్లే వద్దంటున్నానని మీరు అనుకోవద్దు. ఏజెంట్ కావాలి. లేకపోతే ఏమవుతుందో చూసే ఉన్నాం. వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం, దూరిన కన్నాన్ని మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసింది. దాడి మే 12న జరిగింది. మధ్యలో 59 రోజులు. ఆ 59 రోజుల్లో ప్యాచ్ వేసుకున్నవాళ్ళకు ఏమీ కాలేదు. వేసుకోని సిస్టమ్‌లు ప్రపంచమంతా తాళాలు పడి కూర్చున్నాయి, పక్క రాష్ట్రం పోలీసు శాఖలోవి కూడా అందులో ఉన్నాయి. 2019 ఎండాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగాయి. ఇక 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు అయిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. పాత సిస్టమ్‌లు ఎన్ని ఉన్నాయి, ఏ గదిలో ఉన్నాయి, ఏది మార్చాలి అన్న లెక్క కాగితం మీద పంపమంటే ఎవరూ సరిగ్గా పంపరు. ఏజెంట్ పంపుతుంది.

ఏజెంట్ లేని ఆఫీసులో ఇప్పుడు జరుగుతున్నది ఇంకా ఘోరం. ఏదన్నా చెడితే ఆపరేటర్ ఎవరికో ఫోన్ చేస్తాడు, అవతలివాడు "ఎనీడెస్క్ ఐడీ చెప్పన్నా" అంటాడు, ఆ అంకెలు చదివితే సర్కారు సిస్టమ్ వాడి చేతికి పోతుంది. ఆ పని నేనూ చేశాను. పాస్‌వర్డ్ మానిటర్ అంచుకు అతికించిన చీటీ మీద ఉంటుంది. ఆ చీటీని పీకి ఆపరేటర్ చేతిలో పెట్టి వచ్చిన రోజులున్నాయి. మళ్ళీ పోయేసరికి అదే జాగాలో అతికించి ఉండేది.

కాకపోతే మస్కూరి చేతిలో ఊరి తాళాలన్నీ ఉన్నప్పుడు మస్కూరి తప్పటడుగు ఊరంతటికీ తగులుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ తన ఏజెంట్‌కు ఒక లోపమున్న ఫైలు పంపింది. మన గడియారం ప్రకారం పొద్దున 9 గంటల 39 నిమిషాలకు పంపి, 10 గంటల 57కు వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాల్లో ప్రపంచంలో 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలి తెరతో కూలబడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే ఒక ప్రయాణికుడికి ఆ రోజు బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు, మీరూ ఆ ఫొటో చూసే ఉంటారు. తప్పు 78 నిమిషాల్లో తెలిసినా బాగు చెయ్యడానికి రోజులు పట్టింది. చాలా సిస్టమ్‌ల దగ్గరికి మనిషి పోయి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలును చేత్తో తుడవాల్సి వచ్చింది. విమానాశ్రయంలో ఇంజినీర్లు ఉంటారు. మా పక్క మల్లాపూర్, ఇబ్రహీంపట్నం మండలాల్లో ఎవరుంటారు? నేనుంటాను, నా టూవీలర్ ఉంటుంది.

ఇంకొకటి. 2021 జులై 2న కసేయా అనే కంపెనీ చేసిన నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో కన్నం దొరికినవాళ్ళు ఏజెంట్ల ద్వారానే ర్యాన్సమ్‌వేర్ పంచారు. స్వీడన్‌లో కోప్ అనే కిరాణా గొలుసు 800 దుకాణాల వరకు మూసుకుంది. బిల్లు కొట్టే మెషీన్లు లేవలేదు. దొంగ వేరే తోవ వెతుక్కోలేదు, మస్కూరి బట్టలు తొడుక్కుని వచ్చాడు.

అందుకని నా మొదటి విన్నపం: ఏ మార్పయినా రాష్ట్రమంతా ఒకేసారి పంపవద్దు. ముందు హైదరాబాద్‌లో పది సిస్టమ్‌లు. రెండు రోజులు ఆగాక జిల్లాకు ఒక ఆఫీసు. అవి నిలబడ్డాకే మిగతావి. ఆ పదింట్లో కొత్తవే పెట్టుకుని సంబరపడొద్దు, మా దగ్గర ఉన్నట్టి నాలుగు జీబీ ర్యామ్ పాతవి కూడా రెండుండాలి. వేలిముద్ర మెషీన్ తగిలించినవి తప్పకుండా ఉండాలి. డ్రైవర్ మారితే ఆ మెషీన్‌ను నడిపే ఆర్‌డీ సర్వీస్ పడుకుంటుంది, అది పడుకుంటే పింఛన్ నుంచి పట్టా దాకా ఏదీ కదలదు. డ్రైవర్ల అప్‌డేట్‌ను అసలు ఆటోమేటిక్‌లో పెట్టొద్దని నా అభిప్రాయం.

రెండోది, రీస్టార్ట్. అసలు ఈ లేఖంతా దీని కోసమే అనుకున్నా ఫరవాలేదు. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఏ ఏజెంటూ ఏ సిస్టమ్‌నూ ఆపకూడదు. అప్‌డేట్ ఎప్పుడైనా దిగుమతి చేసుకోనీ, రీస్టార్ట్ మాత్రం సాయంత్రం బందు చేసేటప్పుడు. రాత్రిపూట సిస్టమ్‌లను దూరం నుంచి లేపి అప్‌డేట్ వేసే సౌకర్యం ఉందని మీ ఇంజినీర్లు చెప్తారు. నిజమే, లాన్ తీగ మీద ఒక చిన్న కబురు పంపితే నిద్రపోయే సిస్టమ్ లేస్తుంది. కానీ మా ఆఫీసుల్లో అటెండర్ ఇంటికి పోతూ మెయిన్ స్విచ్ కట్టేసి పోతాడు. షార్ట్ సర్క్యూట్ భయం. ఆయన చేసేది తప్పనలేం. గోడ దగ్గరే కరెంటు లేని సిస్టమ్‌ను ఏ కబురూ లేపలేదు. కాబట్టి మా ఊళ్ళకు సాయంత్రం అయిదు నుంచి అయిదున్నరే వేళ. వాయిదా వేసుకునే హక్కు కూర్చున్న మనిషికి ఇవ్వండి. మూడుసార్లు వాయిదా వేస్తే నాలుగోనాడు తప్పదనండి, ఒప్పుకుంటారు.

ఆ పెట్టెలో రాసేది తెలుగులో రాయండి. ఏజెంట్లలో ఆ మాటలు మార్చుకునే జాగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. నేను మా గిరాకీ ఆఫీసుల్లో పెట్టిన మాటలు ఇవి: "ఈ సిస్టమ్‌కు మరమ్మతు ఉంది. సాయంత్రం ఐదుకు ఆగి మళ్ళీ మొదలవుతుంది. మీ పని సేవ్ చేసుకోండి. ఇప్పుడు వద్దంటే 'తర్వాత' నొక్కండి." ఇది పెట్టాక ఆపరేటర్లు చదవకుండా ఓకే నొక్కడం మానేశారు. మీ మంథని నుంచి ఇరవై ఏళ్ళు ఎమ్మెల్యేగా ఉన్న పీవీ నరసింహారావు గారు అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములు కూడా రాశారు. పదోన్నతి మీద వచ్చిన మా జూనియర్ అసిస్టెంట్‌ను అంత అడగడం లేదు. తెలుగు చదవడం ఆయనకు వచ్చు, అది చాలు.

మూడోది తెర చూసే సంగతి. ఏజెంట్‌తో దూరం నుంచి తెర చూడొచ్చు, మౌస్ తిప్పొచ్చు. చూసేముందు కూర్చున్న మనిషిని అడిగేలా పెట్టే టిక్కు ఒకటి ఉంటుంది. దాన్ని పెట్టండి. పెట్టకపోతే ఏమవుతుందో మా దగ్గర ఒక ప్రైవేటు ఆఫీసులో చూశాను. ఆపరేటర్ అమ్మాయి మౌస్ దానంతటదే కదిలేసరికి బిత్తరపోయి ప్లగ్ పీకేసింది. ఆ తర్వాత నెల రోజులు కెమెరా మీద కాగితం అతికించుకుని కూర్చుంది. సర్కారు ఆఫీసుల ఆపరేటర్లు ఔట్‌సోర్సింగ్ నౌకరీలు చేసేవాళ్ళు, కాంట్రాక్టు ఎప్పుడు పోతుందో తెలియని మనుషులు. ఏజెంట్ ఏం చూస్తుంది, ఏం చూడదు, చూసింది ఎవరికి పోతుంది అన్నది ఒక పేజీ తెలుగులో రాసి ప్రతి సిస్టమ్ పక్కన గోడకు అంటించండి. గడియారం పక్కన బొమ్మను దాచొద్దు. మస్కూరి ఊళ్ళోకి వస్తే ఊరికి తెలిసేది. తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, కబురు చెప్పేవాడు.

ఇక చిన్నవి. ఏజెంట్‌ను ఎవరు పడితే వాళ్ళు తీసేయకుండా తాళం పెట్టండి, అది లేకపోతే మిగతావన్నీ దండగ. సర్వర్‌లోకి పోయే అధికారుల లాగిన్‌కు ఒక్క పాస్‌వర్డ్ సరిపోదు. లాగ్‌లు 180 రోజులు దాచాలనీ, దాడి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలనీ, గడియారాలన్నీ ఒకే సమయం చూపాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఉంది.

గడియారం అంటే ఒకటి గుర్తొచ్చింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే, రాత్రి మెయిన్ కట్టేసిన ప్రతిసారీ సిస్టమ్ తారీఖు ఎనిమిదేళ్ళో పదేళ్ళో వెనక్కి పోతుంది. తారీఖు తప్పితే ఏజెంట్ సర్వర్ సర్టిఫికెట్‌ను నమ్మదు, మాట్లాడటం మానేస్తుంది. హైదరాబాద్‌లో డ్యాష్‌బోర్డ్ మీద ఆ సిస్టమ్ ఎర్రగా, ఆఫ్‌లైన్ అని కనబడుతుంది. అక్కడివాళ్ళు ఆఫీసు తెరవలేదేమో అనుకుంటారు. ఇక్కడ మనుషులు లైన్లో నిలబడి ఉంటారు. బ్యాటరీ యాభై రూపాయల లోపే. కొనడానికి ఏ పద్దు కింద రాయాలో తెలియక నెలలు ఆగిన ఆఫీసు నాకు తెలుసు. మీరు సెట్టింగుల మీద సంతకం పెట్టే రోజున ఆ బ్యాటరీలకు, యూపీఎస్ బ్యాటరీలకు కూడా ఒక పద్దు తెరవండి.

ఈ సెట్టింగుల పేజీని ఇప్పటిదాకా సాంకేతిక విషయంగా చూశారు. ఏ కౌంటర్ ఏ గంటలో పనిచేస్తుందో, ఎవరి తెర ఎవరు చూస్తారో అందులోనే తేలుతోంది. అలాంటి నిర్ణయం జీవోలో ఉంటే పదిమంది చదువుతారు, ప్రశ్నిస్తారు. టిక్కులో ఉంటే ఎవరి కంటా పడదు. అందుకే ఆ పేజీని బయటపెట్టమంటున్నాను. పాస్‌వర్డులు, చిరునామాలు తీసేసి, వేళలు, అనుమతులు, వాయిదాలు ఏవి ఎట్లా పెట్టారో జనం ముందుంచండి. ఏజెంట్ ఉన్న చోట సరిచూడండి, పెట్టబోయే చోట ముందే రాసుకోండి. రాసేటప్పుడు ఆ గదిలో ఒక మండలం ఆపరేటర్‌ను కూడా కూర్చోబెట్టండి. ప్రయాణ ఖర్చు పెద్దగా కాదు, మెట్‌పల్లి డిపో బస్సులు హైదరాబాద్‌కు రోజూ ఉన్నాయి.

దుబాయి ఆయన మర్నాడు వచ్చాడు, సిస్టమ్ నా చేతిలో విప్పి ఉంది. తర్వాతి స్లాట్ దొరికేసరికి సెలవు అయిపోయి విమానం ఎక్కాడు. ఇచ్చే తండ్రీ, పుచ్చుకునే కొడుకూ ఇద్దరూ వేలు పెట్టాలి కాబట్టి ఆ రెండెకరాలు మళ్ళీ సెలవు దొరికేదాకా అట్లాగే ఉంటాయి.

మొన్న సోమవారం ప్రింటర్ పని మీద ఆ ఆఫీసుకు పోయినప్పుడు ఆ సిస్టమ్ తెరిచి చూశాను. రీస్టార్ట్ గడువు ఇంకా పదిహేను నిమిషాలే ఉంది.

ఇట్లు,
సిస్టమ్‌లు బాగుచేసే ఒక మెట్‌పల్లి వాసి